ఒక్క గడిలో ఇరికిన ఊరు

1802 జూన్ నెల. పత్తికొండ సీమలో ఒక రేగడి చేను. గట్టు మీద గొలుసు పట్టుకుని ఇద్దరు, కాగితం కలం పట్టుకుని ఒకరు. వాళ్ల వెనక ఊరి రెడ్డి, కరణం, తలారి. చేను తాలూకు రైతు చేతిలో పని ఆపి వచ్చి నిలబడ్డాడు. ఆనాటి మాటలు ఎవరూ రాసి దాచలేదు గాని, ఈస్టిండియా కుంపిణీ వారి లెక్కలు చదివినవాళ్ల చెవుల్లో ఆ సంభాషణ ఇలా వినిపిస్తుంది.

"ఏం కొలుస్తారు సామీ?"

"నీ చేను."

"నా చేను కొల్చేదానికి ఏముండాది? ఊరి లెక్క కరణమయ్య కాడ ఉండనే ఉండాది గదా."

"ఊరి లెక్క ఉండాది. నీ లెక్కే లేదు."

అప్పటిదాకా సర్కారుకు అందే లెక్కలో ఊరంటే ఒక్క వరుస. ఊరి పేరు, దాని ఎదురుగా ఇన్ని వరహాలని ఒక మొత్తం. అందులో ఎవరి వంతు ఎంతో ఊళ్లోనే తేల్చుకోవాలి. చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి గట్టిపరచిన బట్ట మీద బలపంతో రాసే కడతం కరణం చేతిలో ఉండేది. రైతుల పేర్లూ చేల పేర్లూ ఆ మడతల్లో ఉండేవి. కానీ ఆ మడత విప్పి చదవడం కరణానికే చెల్లింది. పైకి వెళ్లేది మొత్తం మాత్రమే. శిస్తు పెరిగిందంటే ఆ పెంపు ఊళ్లో ఎవరి నెత్తిన పడాలో బలమున్నవాళ్లు తేల్చేవాళ్లు. బలం లేనివాడు మోసేవాడు.

ఎక్సెల్‌తో పని ఉన్నవాళ్లకు ఈ బాధ కొత్తది కాదు. సర్వే నంబరు, పేరు, తండ్రి పేరు, విస్తీర్ణం అన్నీ ఒకే గడిలో కుక్కి పంపిన జాబితా చేతికొస్తే, ముందు దాన్ని విడి గడుల్లోకి విప్పాలి. విప్పకపోతే కూడిక రాదు, వెతుకులాట కుదరదు, ఎవరికి ఎంత భూమి ఉందో తేలదు. ఇందుకోసం కంప్యూటర్లో 'టెక్స్ట్ టు కాలమ్స్' అనే మీట ఉంది. రెండు వందల ఏళ్ల కిందట ఈ సీమలో ఇదే పని గొలుసులతో, కాలినడకన, ఐదేళ్లపాటు జరిగింది. దాన్ని చేయించిన మనిషి చివరికి ఈ పత్తికొండలోనే కన్నుమూశాడు. ఆయనే థామస్ మన్రో. ఆయన గురించి ఇక్కడ చాలా కథలు చెప్పుకుంటారు. పాపాఘ్ని నది గండి దగ్గర ఆయనకు మాత్రమే బంగారు తోరణం కనపడిందనీ, అది కనపడినవాళ్లు ఎక్కువ కాలం బతకరనీ ఒక కథ. మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ తోరణం కథ కాదు. ఊరిని విడి గడులుగా విప్పిన ఆయన లెక్కల కథ.

1800 అక్టోబరు 12న నిజాం కుంపిణీతో సంధి చేసుకుని బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను అప్పగించాడు. వాటికే దత్త మండలాలని పేరు. కర్నూలు పట్టణం అప్పటికి నవాబు చేతిలోనే ఉంది, 1839 దాకా ఉండింది. పత్తికొండ మాత్రం దత్త మండలాల్లో భాగం. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడేదాకా అది బళ్లారి కిందే నడిచింది. ఈ మొత్తానికి ప్రధాన కలెక్టరుగా మన్రో వచ్చాడు. కింద నలుగురు ఉప కలెక్టర్లు. ఎదురుగా ఎనభై మంది దాకా పాలెగాళ్లు, అంతకు ముందే శిస్తు వసూలును గుత్తకు పట్టిన ఇజారాదారులు పిండేసిన పల్లెలు.

ఆ తొలి ఏడాదే తెర్నేకల్ భగ్గుమంది. పత్తికొండకు దగ్గరలోనే, ఇప్పటి దేవనకొండ మండలంలో ఉంది ఆ ఊరు. శిస్తు పెంపు మీద ఊరు తిరగబడింది. వసూలుకు వచ్చిన సర్కారు మనుషుల ప్రాణాలు పోయాయి. 1801లో కుంపిణీ సైన్యం ఫిరంగులతో ఆ చిన్న కోటను కొట్టింది. నాయకుడు ముత్తుకూరు గౌడప్పను ఉరి తీసింది. ఊళ్లో ఎవరి వంతు ఎంత, ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అన్నది ఆ ఫిరంగులకు తెలియదు. ఊరు ఒక్క గడి, శిక్ష కూడా ఊరు మొత్తానికి. తెర్నేకల్ బురుజుల మీదుగా వచ్చాకే సర్వే గొలుసు పొలాల్లోకి దిగిందన్న సంగతి మరవకూడదు. మన్రోను దేవుడిని చేసే కథల్లో ఈ పుట కనపడదు.

1802 జూన్‌లో సర్వే నలుగురు గుమాస్తాలతో మొదలైంది. భూమి కొలిచే విద్య తెలిసినవాళ్లు దత్త మండలాల మొత్తంలో ఆ నలుగురేనని మన్రో నివేదికలో రాశాడు. వాళ్లు నేర్పగా అక్టోబరు లోపు యాభై మంది అయ్యారు, మరుసటి ఏడాది చివరికి వంద మంది. గొలుసు పొడవు 33 అడుగులు. ఆ గొలుసుకు పొడవొకటి, వెడల్పొకటి అయితే ఒక కుంట. అలాంటివి నలభై కలిస్తే ఎకరం. తెలంగాణలో ఈనాటికీ భూమిని కుంటల్లోనే చెప్పుకుంటారు. మన సీమలో సెంట్లు వచ్చాయి.

ప్రతి చేనుకూ ఒక నంబరు. దాని పక్కన చేను పేరు. ఆ పక్కన అది మెట్టా, మాగాణా, తోటా అన్నది. ఎన్ని ఎకరాలు, దున్నుతున్నది ఎవరు. కొలిచేవాళ్లు వేరు, నేల తరం కట్టేవాళ్లు వేరు. కొలిచినవాళ్ల లెక్కను మళ్లీ పైవాళ్లు వచ్చి తనిఖీ చేసేవాళ్లు. 'వేపమాను చేను', 'వంక గడ్డ', 'గుడి మాన్యం' అని నోటి మాటగా బతికిన పొలాలు మొదటిసారి నిలువు గీతల మధ్యకు వచ్చాయి. కాగితం మీద ఆ గీత గీయాలంటే ముందు నేల మీద గట్టు ఎక్కడుందో తేలాలి. గట్టు ఎక్కడుందో తేల్చాలంటే ఇద్దరు రైతుల్నీ పిలిచి అక్కడ నిలబెట్టాలి. ఆ పని కచేరీలో కూర్చుంటే అయ్యేది కాదు.

ఊరు అనే గడి అలా రైతులనే గడులుగా విడిపోయింది. రైతుకు తన పేరున పట్టా, తను కట్టాల్సిన శిస్తు తనకు తెలిసేలా ఒక అంకె. ఇదే రైత్వారీ. ఆ అంకె చిన్నదేమీ కాదు. శిస్తు బరువు ఎక్కువగా ఉందని మన్రోకే తెలుసు. అందుకే 1807లో స్వదేశం వెళ్లేముందు దాన్ని నాలుగోవంతు తగ్గించాలని రాశాడు. ఆ మాట అప్పట్లో ఎవరూ వినలేదు.

వినకపోగా, విడదీసినదాన్ని మళ్లీ కలిపేశారు. మన్రో ఓడ ఎక్కాక మద్రాసు రెవెన్యూ బోర్డుకు రైతు రైతుతో లెక్క చూసుకోవడం బరువనిపించింది. ఊళ్లకు ఊళ్లు కౌలుకిచ్చేశారు. మొదట మూడేళ్ల కౌలు, తర్వాత పదేళ్ల కౌలు. రైతులందరి వరుసలూ మాయమై మళ్లీ ఒక్క వరుస, ఒక్క మొత్తం, ఒక్క కౌలుదారు. కౌలుదార్లు చాలాచోట్ల దెబ్బతిన్నారు. వాళ్లు దెబ్బతినకముందే వాళ్ల కింద రైతు దెబ్బతిన్నాడు. ఎక్సెల్‌లో 'మెర్జ్' మీట నొక్కినప్పుడల్లా నాకు ఈ ఏళ్లు గుర్తొస్తాయి. మెర్జ్ చేస్తే ఎడమవైపు పైగడిలో ఉన్నదొక్కటే మిగులుతుంది, మిగతా గడుల్లో ఉన్నదంతా పోతుంది. కంప్యూటరు కనీసం ఆ సంగతి ముందే హెచ్చరిస్తుంది.

1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాడు. రైత్వారీ తిరిగి వచ్చింది. పదమూడేళ్ల కిందట ఆయన అడిగిన నాలుగోవంతు తగ్గింపూ అప్పుడే అమల్లోకి వచ్చింది.

1827 నాటికి ఆయనకు అరవై ఆరేళ్లు. జబ్బుపడ్డ చిన్నకొడుకును తీసుకుని భార్య జేన్ అంతకు ముందు ఏడాదే ఇంగ్లండు వెళ్లిపోయింది. ఆయనా వెళ్లిపోవాలనే చూస్తున్నాడు. బర్మా యుద్ధం ఒకసారి ఆపింది, తర్వాత వచ్చే గవర్నరు ఆలస్యం మరోసారి ఆపింది. వెళ్లేముందు దత్త మండలాలను చివరిసారి చూసి రావాలనుకున్నాడు. ఎండలు ముదిరిన కాలం, కలరా తిరుగుతున్న దారులు. జులై మొదటివారంలో గుత్తి దాటి ఇటు వచ్చాడు. 6వ తేదీన మకాం పత్తికొండ.

డేరాల్లో అప్పటికే కలరా ఉంది. ఉదయం తొమ్మిది ప్రాంతంలో ఆయనకూ సోకింది. మధ్యాహ్నం మూడు గంటల వేళ కాస్త తేరుకున్నట్టు కనిపించాడు. చుట్టూ ఉన్నవాళ్లను అక్కడ ఉండొద్దని, జాడ్యం మీకూ అంటుకుంటుందని పదే పదే చెప్పాడంటారు. వాళ్లు కదల్లేదు. సాయంత్రానికి నీరసం ముదిరింది. రాత్రి తొమ్మిదిన్నరకు ప్రాణం పోయింది. మర్నాడు దేహాన్ని గుత్తికి తీసుకెళ్లి కోట కింద పాతిపెట్టారు. 1831లో అక్కడి నుంచి మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో సర్కారు ఆయన పేరున తోపు వేయించి, రాతి మెట్ల బావి తవ్వించింది. గుత్తిలో సత్రం కట్టించింది. చెన్నైలో నేడు కనపడే గుర్రం మీది విగ్రహం 1839 నాటిది.

ఆయన గీయించిన గీతలు మాత్రం అక్కడితో ఆగలేదు. 1858 తర్వాత మద్రాసు సర్వే శాఖ మళ్లీ కొత్తగా కొలిచింది. మన పాసుపుస్తకాల్లోని సర్వే నంబర్లకు ఆ కొలతలే మూలం. పంపకాలు జరిగిన కొద్దీ నంబరు పక్కన గీత, గీత పక్కన అంకె, అంకె పక్కన అక్షరం చేరాయి. 3 అనే చేను 3/1, 3/2 అయింది, తర్వాత 3/2ఎ అయింది. తాత పేరున ఉన్నది కొడుకులకు, కొడుకులది మనుమలకు. ఆ వాలుగీత ఒక్కొక్కటీ ఒక కుటుంబం విడిపోయిన రోజు. 1984లో కరణీకాలు రద్దయ్యాయి, అడంగళ్లు కంప్యూటర్లకు ఎక్కాయి, 2019లో ఊరూరా సచివాలయాలు వచ్చాయి. 2022లో పత్తికొండ రెవెన్యూ డివిజన్ కూడా అయింది. వాలుగీత మాత్రం అలాగే ఉంది.

దాని గురించే మా బంధువుల పిల్ల ఒకరోజు ఫోన్ చేసింది. పత్తికొండలోనే ఉంటుంది. టమోటా వేసే రైతులు కొందరు కలిసి పెట్టుకున్న సంఘానికి లెక్కలు రాస్తుంది.

"చిన్నాయనా, ఈ ఫైలుకు ఏమో పట్టింది. ఈరన్న చేను ఫిబ్రవరి అయిపోయింది."

ఆమెకు వచ్చిన జాబితాలో ఒక్కో రైతుకు ఒక్కో గడి. లోపల ఇలా ఉంది: 3/2, పెద్ద ఈరన్న, తం. రంగన్న, 2.35, మెట్ట. కింద వందల వరుసలు. ఆమె పద్ధతిగానే చేసింది. ఆ నిలువు వరుసను ఎంచుకుని, డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్ తీసి, కామా ఉన్నచోటల్లా విడగొట్టమంది. విడిపోయింది. కానీ 3/2 ఉండాల్సిన చోట 03-ఫిబ్రవరి వచ్చి కూర్చుంది.

"అన్నీ అట్లనే అయినాయా?"

"లేదు. 145/2 బాగానే ఉండాది. 3/2ఎ కూడా బాగానే ఉండాది. కొన్నే పోయినాయి. అందుకే ముందు కనిపెట్టలేకపోయినా."

ఈ తప్పులో ప్రాణం తీసే గుణం అదే, అన్నీ పాడుకాకపోవడం. 145 అనే తేదీ ఏ నెలలోనూ ఉండదు, కాబట్టి కంప్యూటరు దాన్ని ముట్టుకోదు. అక్షరం కలిసిన 3/2ఎను కూడా వదిలేస్తుంది. తేదీగా చదవగలిగిన నంబర్లను మాత్రం చదివేస్తుంది. చిన్న నంబర్ల చేలు పోతాయి, పెద్ద నంబర్ల చేలు నిలుస్తాయి. పైనుంచి కిందికి కన్ను పరిగెత్తిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది.

ఆమె ఆ గడులను మళ్లీ మామూలు అక్షరాలుగా మార్చాలని చూసింది. అప్పుడు ఫిబ్రవరి పోయి 45691 అనే అంకె వచ్చింది. భయపడిపోయి ఫోన్ చేసింది. ఎక్సెల్ కడుపులో తేదీ అంటే రోజుల లెక్క. 1900 జనవరి 1ని ఒకటిగా పట్టుకుని అది పెట్టే లెక్కలో 2025 ఫిబ్రవరి 3 నలభై ఐదు వేల ఆరువందల తొంభై ఒకటో రోజు. సంవత్సరం మనం చెప్పకపోయినా, టైపు చేస్తున్న ఏడాదిని అదే అంటగట్టుకుంటుంది. పెద్ద ఈరన్న చేను నంబరును మొదట ఎలా రాశారో ఆ గడిలో ఇక ఎక్కడా లేదు. తేదీ నుంచి రోజునూ నెలనూ వెనక్కి లాగినా, మొదటి రాతను ఖాయంగా రప్పించలేం. 3/2 అనీ 3-2 అనీ రెండు రకాలుగా రాసే అలవాటు మనకుంది, రెంటినీ అది తేదీగానే చదువుతుంది కూడా.

"సేవ్ చేసినావా?"

"చేయలేదు."

"అయితే మూసెయ్ పాపా. మొదటినుంచి తెరువు."

టెక్స్ట్ టు కాలమ్స్ మూడు మెట్లలో నడుస్తుంది. మొదటి మెట్టులో అది అడిగే ప్రశ్న: ముక్కల మధ్య కామా, ఖాళీ లాంటి గుర్తు ఉందా, లేక ప్రతి ముక్కా ఒకే పొడవులో ఉందా అని. రెండో మెట్టులో ఆ గుర్తు ఏదో చెప్పాలి. మనవాళ్లు చాలామంది ఇక్కడే ఫినిష్ నొక్కేస్తారు. అసలు కాపాడేది మూడో మెట్టు. అక్కడ కింద ప్రతి నిలువు వరుసా నమూనాగా కనపడుతుంది, పైన 'జనరల్' అని గుర్తు పెట్టి ఉంటుంది. జనరల్ అంటే నీ ఇష్టం వచ్చినట్టు చదువుకో అని కంప్యూటరుకు అధికారం ఇవ్వడం. సర్వే నంబరు ఉన్న వరుస మీద నొక్కి, జనరల్ తీసేసి 'టెక్స్ట్' పెట్టాలి. అంతే, 3/2 అలాగే 3/2గా ఉంటుంది. ఆధార్, ఖాతా నంబర్ల వరుసలకూ ఇదే. ముందున్న సున్నాలు రాలిపోకుండా, పొడుగు అంకెల తోకలు సున్నాలు కాకుండా ఉంటాయి. కుడిపక్కన సరిపడా ఖాళీ వరుసలు ముందే చేర్చుకోవాలి, లేకపోతే విడిపోయిన ముక్కలు పక్కన ఉన్న వివరాల మీద పడతాయి. పాత ఫైలును ముట్టుకోకుండా దాని నకలు మీద పనిచేయాలి.

ఇది మన పల్లెల గోలే అనుకుంటే పొరపాటు. మనిషి జన్యువులకు శాస్త్రవేత్తలు పెట్టుకున్న పొట్టి పేర్లలో కొన్ని సెప్ట్, మార్చ్ అని మొదలై అంకెతో ముగిసేవి. ఎక్సెల్ వాటిని సెప్టెంబరు, మార్చి తేదీలుగా మార్చేసేది. జన్యు జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో సుమారు ఐదింట ఒకదానిలో ఈ తరహా తప్పులున్నాయని 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. చివరికి 2020లో జన్యువుల పేర్లనే మార్చుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత 2023లో గాని ఈ మార్పిడిని ఆపుకునే వీలు ఎక్సెల్‌లోకి రాలేదు. ప్రపంచంలోని జన్యుశాస్త్రం ఒక పక్క, పెద్ద ఈరన్న రెండెకరాలు ఒక పక్క. జన్యువుకు కొత్త పేరు పెట్టారు. ఈరన్న తన చేను నంబరు మార్చుకోలేడు.

నంబర్లు తేలాక పేర్ల దగ్గర మళ్లీ ఆగింది ఆ పిల్ల. రెండో జాబితాలో కామాలు లేవు, పేర్ల మధ్య ఖాళీలే ఉన్నాయి. ఖాళీ దగ్గర విడగొడితే మద్దిలేటి ఒక గడిలో పడ్డాడు. పెద్ద ఈరన్న మాత్రం రెండు గడులయ్యాడు. 'పెద్ద' పేరు గడిలో, 'ఈరన్న' తండ్రి గడిలో. అసలు తండ్రి రంగన్న విస్తీర్ణం గడిలోకి జరిగాడు. పెద్ద ఈరన్నా చిన్న ఈరన్నా అన్నదమ్ములు. 'పెద్ద', 'చిన్న' విడిపోతే ఇద్దరూ ఒక్కరే అవుతారు. 

ఇలాంటి పేర్ల తంటా ఒకదానినుంచే ఎక్సెల్‌లో ఒక కొత్త సౌకర్యం పుట్టింది. ఐఐటీ కాన్పూరులో చదివి మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో పనిచేస్తున్న సుమిత్ గుల్వానీ 2010 ప్రాంతంలో విమానంలో వెళ్తుంటే, పక్క సీటు ఆవిడ తన పేర్ల జాబితాను మరో రూపంలోకి మార్చడం ఎలాగని అడిగింది. కంప్యూటరు పరిశోధకుడై ఉండీ ఆయన చెప్పలేకపోయాడు. ఆ లోటు ఆయన్ను వదల్లేదు. ఒకటి రెండు ఉదాహరణలు చూపిస్తే మిగతావి తానే పట్టుకునే పద్ధతిని తయారుచేశాడు. అది ఫ్లాష్ ఫిల్ పేరుతో ఎక్సెల్ 2013లో వచ్చింది. కంట్రోల్ నొక్కి ఈ నొక్కితే పనిచేస్తుంది. మొదటి రెండు మూడు వరుసలు మనం చేత్తో రాయాలి. ఆ ఉదాహరణల్లో ఒక పెద్ద ఈరన్న, ఒక మద్దిలేటి ఇద్దరూ ఉంటే ఊహ మెరుగ్గా వస్తుంది. ఎంత మెరుగైనా అది ఊహే. ప్రతి వరుసా కంటితో చూడాల్సిందే.

ఖాళీలూ కామాలూ అసలే లేని రాత కూడా ఈ సీమలో ఉంది. తుగ్గలి మండలం ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1929లో భూగర్భ శాస్త్రవేత్త అనూ ఘోష్ వాటిని గుర్తించాడు. వాటిలో చిన్న శాసనం చెక్కిన తీరు విచిత్రం. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మాటల మధ్య ఎడం లేదు. అలాంటి రాతను పండితులు ఎలా విడదీశారు? మాట ఎక్కడ ముగుస్తుందో వాళ్లకు చెప్పింది ప్రాకృతం, బండ మీది గుర్తు కాదు. పత్తికొండ దగ్గర రాజుల మందగిరిలో ఉన్న శాసన పాఠం, దెబ్బతిన్నా, ఎర్రగుడి పాఠంతో పోల్చి చూసుకోవడానికి దొరికింది. భాష తెలిసినవాడికే ఎడం ఎక్కడుందో తెలిసినట్టు, ఊరు తెలిసినవాడికే పెద్ద ఈరన్న ఒక్క మనిషని తెలుస్తుంది.

ఇక అన్నిటికన్నా చిక్కు ఉమ్మడి ఖాతాలది. ఒకే గడిలో 'సుంకన్న, లక్ష్మన్న, ఉరుకుందప్ప' అని ముగ్గురుంటే, కామా దగ్గర విడగొట్టగానే ముగ్గురూ పక్కపక్క గడుల్లోకి పోతారు. చూడ్డానికి బాగుంటుంది, లెక్కకు పనికిరాదు. మొదటి నిలువు వరుసను లెక్కపెడితే సుంకన్న ఒక్కడే రైతు. ఇక్కడ కావాల్సింది పక్కకు విడదీయడం కాదు, కిందికి విడదీయడం. ముగ్గురికి మూడు అడ్డవరుసలు, ప్రతి వరుసలోనూ అదే సర్వే నంబరు, ఎవరి వంతు ఎకరాలు వాళ్లకు. ఎక్సెల్‌లోని పవర్ క్వెరీలో విడగొట్టేటప్పుడు 'వరుసలుగా' అనే ఎంపిక ఉంది. 2022లో వచ్చిన టెక్స్ట్‌స్ప్లిట్ సూత్రానికీ ఆ శక్తి ఉంది. రైతుకొక వరుస: మన్రో గుమాస్తాలు గొలుసు ఈడ్చింది సరిగ్గా ఈ వరుస కోసమే.

ఆ వరుస దొరకని రైతులు ఈనాటికీ ఉన్నారు. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు ఎగిరాయి, పాత సర్వే నంబర్ల బదులు ల్యాండ్ పార్సిల్ మ్యాప్ నంబర్లు వచ్చాయి. జనం వాటిని ఎల్‌పీఎం నంబర్లంటారు. చాలా ఊళ్లలో వేరువేరుగా సాగు చేసుకుంటున్న రైతులు ఒకే ఎల్‌పీఎం కింద కలిసిపోయారు. జాయింట్ ఎల్‌పీఎం అని దానికో పేరు కూడా స్థిరపడింది. అందులో ఒకరు అమ్మాలన్నా, బ్యాంకులో అప్పు తీసుకోవాలన్నా మిగతావాళ్ల కాగితం అడ్డొచ్చింది. విడదీయమని రైతులు అర్జీలు పట్టుకుని తిరిగారు. మీట నొక్కి దీన్ని విడదీయలేం. గట్టు ఎక్కడుందో నేల మీద కొలవాలి, పక్కరైతు ఒప్పుకోవాలి, అప్పుడు గాని కంప్యూటర్లో గీత పడదు. ఆ కొలతకు రైతు దగ్గర రుసుము అడగడం నాకు అన్యాయంగా కనపడుతుంది. కలిపింది రైతు కాదు, విడదీసే ఖర్చు అతని మీద వేయకూడదు.

మా పిల్ల జాబితా ఆ సాయంత్రానికి దారికొచ్చింది. మొదట వచ్చిన వరుసలకన్నా ఇప్పుడు వరుసలు ఎక్కువయ్యాయి. ఉమ్మడి పేర్లన్నీ కిందికి దిగి ఎవరి వరుసలో వాళ్లు నిలబడ్డారు. విస్తీర్ణం దగ్గర మాత్రం కొన్ని గడులు తేలలేదు. 2.5 అని ఉన్నచోట రెండు ఎకరాల ఐదు సెంట్లా, యాభై సెంట్లా? రాసినవాళ్లు 2.05 అనుకుని రాశారో, 2.50 రాస్తే చివరి సున్నాను కంప్యూటరు మింగేసిందో చెప్పే గుర్తు ఆ ఫైల్లో లేదు.

"యాభై అని పెట్టేద్దునా?"

"వద్దు. నలభై ఐదు సెంట్ల తేడా అది."

ఆ గడులను ఖాళీగా వదిలేసింది. చివరన ఇంకొక నిలువు వరుస చేర్చి, పైన 'గమనిక' అని రాసి, వాటి ఎదురుగా 'రైతును అడగాలి' అని కొట్టింది. సోమవారం పాసుపుస్తకాలు చూసి రావడానికి ఆ ఊళ్లకు పోతానంది.